డ్రమ్ములో చెయ్యి పెట్టిందెవరు

మా బావ కుర్చీలో కూర్చునే ముందు దాన్ని నాలుగు వైపులా కదిపి చూస్తాడు. అది ఆయన ఇంట్లో కుర్చీయే, ఆయన కొన్నదే. పదిహేనేళ్ళుగా అందులోనే కూర్చుంటున్నాడు. అయినా రోజూ కదిపాకే కూర్చుంటాడు. నేను నవ్వితే ఎందుకు నవ్వావంటాడు. నవ్వకపోతే ఏం దాస్తున్నావంటాడు. తలుపుకి తాళం వేసి, లాగి చూసి, మూడడుగులు వేసి, మళ్ళీ వెనక్కొచ్చి ఇంకోసారి లాగుతాడు. ఎదుటివాళ్ళు ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. అలాంటి మనిషితో ఇరవై రెండేళ్ళు కాపురం చేసి మా అక్క ఇంకా మామూలుగానే మాట్లాడుతోందంటే అది దాని ఓర్పు. నాకంత ఓర్పు లేదు. ఉన్నదున్నట్టు చెప్పేస్తాను.

ఆయన బ్రేకుల మేస్త్రీ. వర్క్‌షాపుల వీధిలో మూడో షెడ్డు ఆయనది. వీధిలో అందరూ ఆయన్ని 'అనుమానాల మేస్త్రీ' అంటారు, ఆయన చెవిన పడకుండా. పడిందంటే ఆ పేరు మొదట ఎవరి నోట వచ్చిందో తేల్చేదాకా ఆయనకి నిద్ర పట్టదు.

పుట్టుకతోనే అలా ఉన్నాడని అనను. పందొమ్మిదేళ్ళప్పుడు ఒక పెద్ద గ్యారేజీలో పని నేర్చుకుంటున్నాడట. పైవాడొకడు లారీ తాళాలు చేతికిచ్చి, "బ్రేకు చూశాను, బ్రహ్మాండంగా ఉంది, తీసుకెళ్ళు" అన్నాడట. ఈయన నమ్మాడు. వాలులో పెడల్ తొక్కితే కాలు నేలకి ఆనింది తప్ప లారీ ఆగలేదు. ఒక గోడ ఆపింది. బావ ఎడమ చేతి చివరి రెండు వేళ్ళు అప్పటినుంచి పూర్తిగా ముడుచుకోవు. టీ గ్లాసు పట్టుకున్నప్పుడు ఆ రెండూ పక్కకి నిలబడి ఉంటాయి. తెలియనివాళ్ళు అది దర్జా అనుకుంటారు.

అనుమానం ఉన్న మనిషికి అచ్చంగా సరిపోయే పని ఏదైనా ఉందంటే అది బ్రేకుల పనే. డ్రమ్ము బ్రేకు మూతపడి ఉంటుంది. డ్రమ్మంటే చక్రంతో పాటు తిరిగే ఇనుప గిన్నె. దాని లోపల అర్ధచంద్రంలా వంగిన రెండు షూలు ఉంటాయి, వాటి వీపున గరుకైన లైనింగ్ అతికించి ఉంటుంది. పెడల్ తొక్కితే పైనున్న చిన్న సిలిండర్ ఆ రెండింటినీ విడదీసి డ్రమ్ము గోడకేసి నొక్కుతుంది. వదిలేస్తే స్ప్రింగులు వాటిని మళ్ళీ దగ్గరికి లాగుతాయి. షూకీ డ్రమ్ముకీ మధ్య దళసరి కాగితం పట్టేంత ఖాళీ ఉండాలి. తక్కువైతే రాసుకుని కాలిపోతుంది, ఎక్కువైతే పెడల్ పాతాళానికి పోతుంది. ఇదంతా గిన్నె కింద జరిగేది, పైకి ఏమీ కనిపించదు. కనిపించనిదేదీ నమ్మని మనిషి గనుకే మా బావ చేసిన బ్రేకుకి అంత పేరు.

ఆ ఖాళీని సరిచేసేది షూల అడుగున ఉండే ఒక మర కడ్డీ. దాని నడుమున పళ్ళ చక్రం ఉంటుంది, మేస్త్రీలు దాన్ని స్టార్ అంటారు. స్టార్‌ని ఒక్కో పన్నూ తిప్పితే కడ్డీ పొడుగై షూలు డ్రమ్ము దగ్గరికి జరుగుతాయి. దీనికోసం డ్రమ్ముకి వెనక ఉన్న రేకులో ఒక కన్నం, దానికి రబ్బరు బిరడా ఉంటాయి. మిగతా మేస్త్రీలు ఆ కన్నంలోంచి స్క్రూడ్రైవరు దూర్చి, చేతి అంచనాతో తిప్పేస్తారు. మా బావకి అది గిట్టదు. "గుడ్డిగా తిప్పడం ఏం పని?" అంటాడు. ప్రతిసారీ చక్రం ఊడదీసి, డ్రమ్ము తీసి, గేజీతో డ్రమ్ము లోపలి వెడల్పు కొలిచి, అదే గేజీ షూల మీద పెట్టి, అది సరిపోయేదాకా స్టార్‌ని వేళ్ళతో తిప్పుతాడు. పది నిమిషాల పనికి గంటన్నర పడుతుంది. కానీ ఆయన చేసిన బ్రేకు ఆయన చేసినట్టే ఉంటుంది.

ఇంకో నియమం కూడా ఉంది, అది మాత్రం ఆయన ఎవరికైనా అడక్కుండానే చెప్తాడు. ఒకసారికి ఒకే చక్రం విప్పాలి. ఒకటి బిగించాకే రెండోది ముట్టుకోవాలి. ఏ చక్రం సామాను ఆ చక్రం కిందే, గుడ్డ మీద, తీసిన వరసలోనే ఉండాలి. అనుమానం వస్తే అవతలి చక్రం చూసుకుని బిగించుకోవచ్చు. ఆయన బతుకంతా ఆ నియమం ఒక్కసారే తప్పాడు. ఆ ఒక్కసారీ నా వ్యాను దగ్గరే.

నేను లాండ్రీ వ్యాను నడుపుతాను. వ్యాను నాదే. ఆసుపత్రి దుప్పట్లు, గౌన్లు, తెరలు పొద్దున తెచ్చి, ఉతికాక సాయంత్రం అప్పజెప్తాను. రోజుకి మూడు ట్రిప్పులు. ఆసుపత్రి వెనక గుమ్మం నేలకన్నా దిగువగా ఉంటుంది. అక్కడికి సిమెంటు వాలు మీద వ్యానుని వెనక్కే దింపాలి, అద్దంలో చూసుకుంటూ, బ్రేకు తొక్కుతూ వదులుతూ. ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఆ ఏడాది వ్యాను వెనక చక్రాలకి లైనింగులు అయిపోయాయి. బావ కొత్త షూలు, కొత్త స్ప్రింగులు, కొత్త స్టార్లు తెచ్చాడు. డ్రమ్ములకి గాట్లు పడ్డాయి, లేత్ మీద తిప్పి నునుపు చెయ్యాలి. పక్క షెడ్డే లేత్ మేస్త్రీది. ఇద్దరి షెడ్లకీ మధ్య గోడ ఒకటే. పెళ్ళయిన కొత్తలో బావ ఈ వీధికొచ్చిననాటి నుంచీ ఆయన డ్రమ్ములన్నీ లేత్ మేస్త్రీ చేతి మీదుగానే వెళ్ళాయి. లేత్ మేస్త్రీ సన్నగా, పొడుగ్గా, కళ్ళద్దాలకి తాడు కట్టుకుని ఉంటాడు. పది మాటలనే చోట రెండంటాడు. బావ లోకంలో ఎవరినైనా కొంచెం నమ్మాడంటే ఆయన్నే.

ఆ కొంచెం కూడా ఆ వారమే పోయింది. లేత్ మేస్త్రీ తన షెడ్డు వెనక భాగం అద్దెకిచ్చాడు. అద్దెకి దిగింది ఇంకో బ్రేకుల మెకానిక్. బావ మొహం నల్లబడిపోయింది. "నాతో మాటమాత్రం అనకుండా నా పక్కనే నా పని చేసేవాణ్ణే దింపాడు చూడు" అన్నాడు నాతో. వాళ్ళిద్దరూ గుమ్మంలో మాట్లాడుకుంటూ, బావని చూసి ఆపేశారట. అంతే, ఆయనకి ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు.

"ఒక్కో డ్రమ్మూ ఇచ్చానంటే రెండుసార్లు మోసం చేసే వీలిచ్చినట్టు" అని లెక్క వేసి, రెండు చక్రాలూ ఒకేసారి విప్పేశాడు. రెండు డ్రమ్ములూ ఒకేసారి లేత్ దగ్గరికి తీసుకెళ్ళి, కోత అయ్యేంతసేపూ పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మొదటిది అయ్యేసరికే పొద్దు వాలింది. రెండోది మర్నాడు చేస్తానన్నాడు లేత్ మేస్త్రీ. బావ తిరిగొచ్చి గుడ్డల మీదున్న కొత్త సామానుకేసి చూశాడు. ఆయన ఇంటికెళ్ళాక ఎవరైనా కొత్త స్టార్లు తీసుకుని పాతవి పెడితే? ఈ చక్రం స్ప్రింగులూ ఆ చక్రం స్ప్రింగులూ, ఈ స్టారూ ఆ స్టారూ అన్నీ ఊడ్చి తన భోజనం డబ్బాలో పోసి, మూత బిగించి, ఇంటికి పట్టుకొచ్చేశాడు. మా అక్క డబ్బా తెరిచి, అడుగున జిడ్డు చూసి నెత్తి కొట్టుకుంది.

మర్నాడు మధ్యాహ్నానికి బండి బిగించి ఇచ్చాడు. మొదటి వారం బ్రేకు భేషుగ్గా ఉంది. కాలి బొటనవేలితో తొక్కితే ఆగేది.

పదో రోజుకి పెడల్ కిందకి దిగింది. బావ చక్రం ఊడదీశాడు, డ్రమ్ము తీశాడు, గేజీ పెట్టాడు. షూలు లోపలికి పోయి ఉన్నాయి. "కొత్త లైనింగ్ కదా, సర్దుకుని ఉంటుంది" అని స్టార్ తిప్పి ఇచ్చాడు. మళ్ళీ ఎనిమిది రోజులకి అదే వరస. లైనింగ్ చూస్తే అరగలేదు. బ్రేకు నూనె కారడం లేదు. స్ప్రింగులు గట్టిగానే ఉన్నాయి. బావ కింద కూర్చుని ఆ డ్రమ్ముకేసి చాలాసేపు చూశాడు.

"బండి రాత్రిళ్ళు ఎక్కడ పెడతావు?" అన్నాడు.

"నా ఇంటి ముందే. ఎందుకు?"

"పక్కింటివాళ్ళెవరు?"

"బావా, పక్కింట్లో ఉండేది డెబ్బై ఏళ్ళ కుట్టుపని ఆవిడ. ఆవిడ పాక్కుంటూ వ్యాను కిందకి దూరి నా బ్రేకు వదులు చేస్తోందంటావా?"

"నేనెవర్నీ అనలేదు. ఎవరుంటారని అడిగానంతే."

మూడోసారి పెడల్ దిగినప్పుడు ఆయన ఊరుకోలేదు. వీధి చివర టీ దుకాణం దగ్గర టాక్సీ డ్రైవర్లు నలుగురున్నారు. వాళ్ళ ముందు గ్లాసు బల్ల మీద కొట్టినట్టు పెట్టి అనేశాడు: "డ్రమ్ము ఎక్కువ కోసేశాడు. పలచబడ్డ డ్రమ్ము వేడెక్కితే విచ్చుకుంటుంది. కావాలనే చేశాడు. నా బ్రేకు చెడితే వెనక షెడ్డువాడికి పని దొరుకుతుంది కదా."

ఎవరి గురించో పేరు చెప్పక్కర్లేదు. లేత్ మేస్త్రీ అప్పుడే టీకి వచ్చి వెనక నిలబడి ఉన్నాడు. టీ తాగకుండా వెళ్ళిపోయాడు. కాసేపటికి గేజీ పట్టుకుని మా బావ షెడ్డుకొచ్చాడు. నేనక్కడే ఉన్నాను.

"కొలిచి చూడు మేస్త్రీ. హద్దుకి ఇంకా చాలా ఇవతలే ఉంది" అన్నాడు.

"ఆ గేజీ నీది" అన్నాడు మా బావ.

లేత్ మేస్త్రీ కళ్ళద్దాలు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. తరవాత బావ తన గేజీతో కొలిచాడు. డ్రమ్ము హద్దులోనే ఉంది. కానీ టీ దుకాణంలో అన్న మాట అప్పటికే టాక్సీ స్టాండు దాకా వెళ్ళిపోయింది. మాట జారాక ఏరుకోవడం మా బావకి చేతకాదు. "ఇంకేదో చేసి ఉంటాడు" అన్నాడు.

బ్రేకు విషయంలో అనుమానం అంటుకుంటే ఇక ఎవరూ రిస్కు తీసుకోరు. టాక్సీవాళ్ళు డ్రమ్ములు పట్టుకుని వేరే వీధికి పోవడం మొదలుపెట్టారు. వారం తిరిగేసరికి లేత్ ఎక్కువసేపు ఆగే ఉంటోంది. ఎప్పుడైనా ఒక డ్రమ్ము వస్తే, కోత ఆగిన తరవాత గోడ అవతలి నుంచి టంగ్, టంగ్ మని చప్పుడు వినిపించేది. లేత్ మేస్త్రీ అంకెల పంచ్‌లు కొనుక్కున్నాడు. కోసిన ప్రతి డ్రమ్ము అంచు మీదా దాని కొలత సుత్తితో కొట్టి మరీ ఇస్తున్నాడు, రేపెవడూ ఎక్కువ కోశావని అనకుండా.

సిగ్గుచేటు గానీ ఒప్పుకోవాలి, నేనూ ఆయన్ని అనుమానించాను. అంతకుముందు ఆ షెడ్డు ముందు వ్యాను నెమ్మది చేసి "బాగున్నారా మేస్త్రీ" అనేదాన్ని. ఆ రోజుల్లో తల తిప్పుకుని పోయాను. ఆయన చేతులకేసి మాత్రం దొంగచాటుగా చూసేదాన్ని, ఏం దొరుకుతుందనో. అనుమానం మా బావ దగ్గరే పుట్టినా, నా బుర్రలో కూడా హాయిగా కాపురం పెట్టింది.

ఆ తరవాతి సోమవారం ఆసుపత్రి వాలు మీద దిగుతూ పెడల్ తొక్కితే కాలు నేలకి ఆనింది. మళ్ళీ తొక్కాను. మళ్ళీ తొక్కాను. మూడో తొక్కుకి వ్యాను ఆగింది గానీ, ఆలోపు వెనక గుమ్మంలో ఉన్న ఇనప ట్రాలీని గుద్దేసింది. ట్రాలీ తోసే అతను ఒక్క గెంతు గెంతాడు కాబట్టి బతికిపోయాడు. చేతులు స్టీరింగు మీంచి రావడానికి కాసేపు పట్టింది. నెల కిందట అయితే నవ్వుకుని చెప్పేదాన్నేమో. ఆ రోజు మాత్రం సరాసరి బావ షెడ్డుకెళ్ళి తాళాలు బల్ల మీద విసిరికొట్టాను.

"ఇంకోసారి ఇలా అయితే ఆ వెనక షెడ్డువాడి దగ్గరికే పోతాను" అన్నాను.

ఆ మాట ఆయనకి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

ఆ సాయంత్రం మా అక్క గోళ్ళ రంగు సీసా మాయమైంది. బావ నా వ్యాను కింద పడుకుని దాంతో ముద్రలు వేశాడు. స్టార్ మీద ఒక పన్నుకి ఎర్ర చుక్క పెట్టి, ఆ చుక్క సరిగ్గా కన్నానికి ఎదురుగా ఉండేలా తిప్పాడు. డ్రమ్ము ఎక్కించాక డ్రమ్ముకీ అది కూర్చునే హబ్బుకీ మధ్య ఒక గీత, చక్రం నట్ల మీద ఒక్కో గీత, రబ్బరు బిరడా చుట్టూ ఒక గీత గీశాడు. ఎవడు ఏది విప్పినా రంగు చిట్లుతుంది. "ఇప్పుడు దొరుకుతాడు" అన్నాడు. ఆయన కళ్ళలో అంత సంతోషం నేను చూసి చాలా రోజులైంది.

"నా గోళ్ళకి ఏనాడైనా అంత శ్రద్ధగా పూశారా?" అంది అక్క.

ఐదు రోజుల తరవాత విప్పాడు. ఒక్క గీత కూడా చిట్లలేదు. డ్రమ్ము తీస్తే ఎర్ర చుక్క ఉన్న పన్ను, ఉంచిన చోటు నుంచి పదకొండు పళ్ళ అవతల ఉంది.

మామూలు మనిషైతే అక్కడ ఆగి, ఎవరూ ముట్టుకోలేదన్నమాట అనుకుంటాడు. మా బావ ఆలోచన అలా నడవదు. ముద్రలు చెదరలేదంటే, విప్పినవాడు మళ్ళీ అదే రంగుతో ముద్రలు వేశాడన్నమాట. ఆ రంగు ఎక్కడుంది? ఇంట్లో.

రాత్రి భోజనాల దగ్గర, నేనూ ఉన్నాను, మెల్లిగా అడిగాడు: "ఆ ఎర్ర సీసా ఎవరికైనా ఇచ్చావా? లేత్ మేస్త్రీ ఆవిడ ఏమైనా వచ్చిందా మనింటికి?"

అక్క గరిటె గిన్నెలో పెట్టేసింది. అది అరవలేదు. అరిస్తే బాగుండేదనిపించింది నాకు.

"ఇరవై రెండేళ్ళ నుంచి మీరు తలుపు మూడుసార్లు లాగితే నవ్వుకున్నాను. కుర్చీ కదిపితే నవ్వుకున్నాను. ఆ మనిషిని నలుగురిలో అంటే, మగవాళ్ళ గొడవ అని ఊరుకున్నాను. ఇవాళ నా దాకా వచ్చారు. రేపటినుంచి డబ్బా మీరే కట్టుకోండి. నా చెయ్యి పడితే అందులో ఏం కలిసిందోనని మళ్ళీ మీకు అనుమానం."

బావ కంచంలోకి చూస్తూ కూర్చున్నాడు. ఆయన తినలేదు, అక్కా తినలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది, లేచి వచ్చేశాను.

మర్నాడు ఆదివారం. పొద్దున వాళ్ళింటికి వెళ్ళేసరికి బావ వంటగదిలో డబ్బా వెతుక్కుంటున్నాడు. అక్క తొట్టి దగ్గర దాన్నే రుద్దుతోంది. మాట్లాడనని శపథం పట్టిన మనిషి గిన్నెతో మాట్లాడుతున్నట్టు, మొహం ఎత్తకుండా అంది: "నెలన్నర అయింది. రెండు చక్రాల జిడ్డూ కలిపి నా డబ్బాలో పోశారు. ఎంత తోమినా పోదు."

బావ గుమ్మంలోనే ఆగిపోయాడు.

"రెండు చక్రాలవీ" అన్నాడు.

ఆయన చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా బయటికి నడిచాడు. నేను వెనకే వెళ్ళాను. ఆ రోజు ఆయన తలుపు ఒక్కసారి కూడా లాగి చూడలేదు.

షెడ్డులో నా వ్యాను వెనక చక్రాలు రెండూ స్టాండ్ల మీదకి ఎత్తాడు. నన్ను సీట్లో కూర్చోమన్నాడు. తను టార్చి పట్టుకుని కిందకి దూరాడు. ఇన్నేళ్ళూ గుడ్డి పని అన్న ఆ కన్నానికున్న రబ్బరు బిరడాని పీకేశాడు.

"రివర్సులో వెయ్యి. చక్రం తిరగనీ. ఇప్పుడు బ్రేకు తొక్కు. వదులు. మళ్ళీ."

ఎన్నిసార్లు తొక్కానో గుర్తులేదు. చివరికి కింద నుంచి "ఆపెయ్" అన్న గొంతు వినిపించింది, అది ఆయన గొంతులా లేదు.

నాకు అర్థమయ్యేలా తరవాత చెప్పాడు. నా వ్యానులో బ్రేకు తనని తానే బిగించుకునే ఏర్పాటు ఉంది. వెనక్కి పోతూ బ్రేకు తొక్కినప్పుడు, ఖాళీ పెరిగి ఉంటే, లోపల ఒక చిన్న మీట లేచి స్టార్‌ని ఒక పన్ను జరుపుతుంది. మనిషి చెయ్యి అక్కర్లేదు. అయితే రెండు చక్రాలూ ఎదురుబొదురుగా ఉంటాయి కాబట్టి, ఒకవైపు స్టార్ మర కుడి చుట్టు అయితే రెండోవైపుది ఎడమ చుట్టు ఉండాలి. చూడ్డానికి రెండూ కవలపిల్లలే. తారుమారైతే మీట తన పని తాను చేస్తూనే ఉంటుంది, కానీ బిగించబోయి విప్పుతుంది. ఖాళీ పెరిగేకొద్దీ మీట ఇంకా ఎక్కువ తిప్పుతుంది. రోజుకి మూడు ట్రిప్పులు, ఆసుపత్రి వాలు మీద వెనక్కి దిగుతూ నా బ్రేకు నేనే విప్పుకుంటున్నాను.

కన్నంలోంచి ఒక్కసారి స్క్రూడ్రైవరు పెట్టి తిప్పినా, చెయ్యి తిరిగే దిక్కు తేడాగా ఉందని అంత అనుభవం ఉన్న మనిషికి ఆ క్షణమే తెలిసిపోయేది. ఆయన డ్రమ్ము ఊడదీసి, మీట పక్కకి తప్పించి, షూలు విచ్చుకునే వైపుకి ఏదైతే అటు తిప్పేసుకున్నాడు.

రెండు స్టార్లూ ఊడదీసి, మరకి తనే పట్టించిన గ్రీజు బొటనవేలితో తుడిచాడు. ఎడమ చక్రం స్టార్ కొస మీద ఆర్ అని, అంటే కుడి అని ఉంది. కుడి చక్రం దాని మీద ఎల్, అంటే ఎడమ.

ఆయన నేల మీద కూర్చుండిపోయాడు. గోడ అవతల మనుషుల మాటలు వినిపిస్తున్నాయి. ఎవరో కొత్తవాళ్ళు. లేత్ అమ్మకానికి పెట్టారని నాకు అంతకు రెండు రోజుల ముందే తెలిసింది. చూడ్డానికి బేరగాళ్ళు వచ్చినట్టున్నారు.

"మార్చి బిగించేస్తాను" అన్నాడు బావ, నా వంక చూడకుండా. "ఇది మనిద్దరి మధ్యే ఉండనీ."

అంత కోపం నాకు ఎప్పుడూ రాలేదు. "నువ్వు చెప్తావా, నేను చెప్పనా?" అన్నాను. "టీ దుకాణంలో అన్నావు కదా, అక్కడే చెప్పాలి. గోడవతల లేత్ అమ్ముడైపోయాక చెప్పి ఏం లాభం? రేపు ఆయన ఈ వీధిలో ఉండడు. నువ్వు తలుపు మూడుసార్లు లాగుతూ ఇక్కడే ఉంటావు."

ఆయన చాలాసేపు ఆ రెండు స్టార్లనీ అరచేతిలో ఆడించాడు. తరవాత లేచి, వాటిని గుడ్డలో కట్టుకోకుండా, జేబులో వేసుకోకుండా, అందరికీ కనిపించేలా చేతిలోనే పట్టుకుని పక్క షెడ్డుకి వెళ్ళాడు. లేత్ దగ్గర ఇద్దరు బేరగాళ్ళున్నారు. "ఒక్క నిమిషం, టీ దుకాణం దాకా రా" అన్నాడు లేత్ మేస్త్రీతో. ఆయన ఎందుకని కూడా అడగలేదు, ఇంకేం అంటాడో విందామన్నట్టు వచ్చాడు. వెనకే బేరగాళ్ళు కూడా వచ్చారు.

ఆదివారం కాబట్టి టాక్సీవాళ్ళు ఆరేడుగురు ఉన్నారు. మా బావ ఆ రెండు స్టార్లనీ బల్ల మీద పెట్టాడు.

"మీ అందరికీ ఇక్కడే ఒక మాట చెప్పాను. అది తప్పు. డ్రమ్ము బాగానే కోశాడు. ఎడమది కుడికి, కుడిది ఎడమకి పెట్టింది నేను. రెండు చక్రాల సామానూ కలిపేసింది నేను. అది కూడా ఎందుకంటే, ఇతను మారుస్తాడేమోనని ఇంటికి పట్టుకెళ్ళాను."

చివరి వాక్యం ఎవరూ అడగలేదు. అది ఆయనే చెప్పాడు. ఒక డ్రైవరు నవ్వబోయి మానేశాడు.

లేత్ మేస్త్రీ ఒక స్టార్ తీసుకుని, కళ్ళద్దాల దగ్గర పెట్టుకుని దాని కొస చూశాడు. "ఆ రోజు నువ్వు డబ్బాలో పోసుకుంటుంటే గుమ్మంలోంచి చూశాను" అన్నాడు. "కలిసిపోతాయి మేస్త్రీ, విడివిడిగా కట్టుకో, అందామని నోటిదాకా వచ్చింది."

"మరి అనలేదేం?"

"అంటే, నా డబ్బా మీద నీ కన్నెందుకు పడిందనేవాడివి."

బావ అదే మాట అనేవాడని అక్కడున్న మా అందరికీ తెలుసు. ఆయనకి కూడా తెలుసు. కాసేపటికి కళ్ళు తుడుచుకున్నాడు, ఆ ముడుచుకోని రెండు వేళ్ళతోనే.

లేత్ అమ్మలేదు. బేరగాళ్ళు టీ తాగి వెళ్ళిపోయారు. టాక్సీవాళ్ళు ఒక్కొక్కరే తిరిగొచ్చారు, అందరూ కాదు. ఇద్దరు ఇప్పటికీ వేరే వీధికే పోతున్నారు. అక్కకి వారం రోజులు పట్టింది గానీ మళ్ళీ డబ్బా కడుతోంది. బావ మధ్యాహ్నం భోజనం చేసి, విప్పిన సామాను చక్రం కింద గుడ్డ మీదే వదిలేసి, గోడ మీదుగా "కాస్త ఇటు చూస్తుండు, ఇప్పుడే వస్తాను" అని కేకేసి బయటికి వెళ్తాడు. కుర్చీ మాత్రం ఇంకా కదుపుతూనే ఉన్నాడు.

అంకెల పంచ్‌లు లేత్ మేస్త్రీ పక్కన పెట్టేశాడు. మిగతా ఎవరి డ్రమ్ము మీదా ఇప్పుడు కొలత కొట్టడం లేదు. మా బావ డ్రమ్ములకి మాత్రం కొడుతున్నాడు, ఒక్కటి కూడా వదలకుండా.

"నాకు అక్కర్లేదు" అన్నాడు బావ ఒకరోజు.

"నాకు కావాలి" అన్నాడు లేత్ మేస్త్రీ, సుత్తి ఎత్తి.

బావ డ్రమ్ము తీసుకుని వచ్చాడు. అంచు మీద కొట్టిన ఆ అంకెల మీద బొటనవేలు ఒకసారి రాసి, గేజీ ముట్టుకోకుండా చక్రానికి ఎక్కించాడు.